అజంతా యాత్ర: సన్నాహమూ సంస్కారమూ

ప్రయాణం సులువైన కొద్దీ దర్శనం కష్టమవుతున్నది. ఈ మాట వినడానికి విపరీతంగా తోచవచ్చు. సెలవు దినాన ఏ ప్రాచీన కట్టడం ముంగిట నిలబడినా ఇందులోని నిజం బోధపడుతుంది. పూర్వం యాత్ర అంటే ప్రాణాలకు తెగించిన పని. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి కాశీకి వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. డేరాలు, బోయీలు, వంట సామగ్రితో దాదాపు నూరుమంది పరివారం ఆయన వెంట నడిచింది. ఏ ఊళ్ళో దిగడానికి వసతి ఉంది, ఏ దారి ఎలాంటిది, ఎక్కడ ఏ సరుకు దొరుకుతుంది అన్న వివరాలన్నీ తన తరువాత వచ్చేవారి కోసం ‘కాశీయాత్ర చరిత్ర’లో రాసిపెట్టాడు. నేడు దారి కష్టాలు తీరాయి. రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి కోరిన చోట దిగుతున్నాం. దిగిన తరువాతనే అసలు కష్టం మొదలవుతున్నది. మనలాగే సులువుగా వచ్చినవారు వేలమంది అక్కడ మనకంటే ముందు బారులు తీరి ఉంటారు. వీరాస్వామయ్య దారి కోసం చేసుకున్న సన్నాహాన్ని మనం దర్శనం కోసం చేసుకోవలసిన కాలం వచ్చింది.

ఈ విషయాన్ని అజంతా గుహలను ఆధారంగా చేసుకొని ఆలోచిద్దాం. మహారాష్ట్రలోని ఛత్రపతి సంభాజీనగర్‌కు, అంటే 2023 వరకు ఔరంగాబాదు అని పిలిచిన నగరానికి, సుమారు 100 కిలోమీటర్ల దూరంలో వాఘోరా అనే చిన్న నది కొండను కోసుకుంటూ లాడం ఆకారంలో మలుపు తిరుగుతుంది. ఆ మలుపు వెంట నిటారైన రాతి గోడలో 30 గుహలు తొలిచి ఉన్నాయి. వాటిలో కొన్ని క్రీస్తుపూర్వం శాతవాహనుల కాలం నాటివి. ఎక్కువ భాగం క్రీస్తుశకం 5వ శతాబ్దంలో వాకాటక చక్రవర్తి హరిషేణుని కాలంలో వెలసినవి. 1983లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. తెలుగువారికి ఈ గుహలతో మరొక సంబంధం కూడా ఉంది. 1948 వరకు ఇవి హైదరాబాదు నిజాం సంస్థానంలో భాగం. 1914లో ఏర్పడిన ఆ సంస్థాన పురావస్తు శాఖకు గులాం యజ్దానీ తొలి సంచాలకుడు. అజంతా చిత్రాలను గ్రంథ రూపంలో లోకానికి పరిచయం చేయడానికి ఆయన తన జీవితంలో ఎన్నో ఏళ్ళు వెచ్చించాడు.

శతాబ్దాల తరబడి బయటి లోకం మరచిపోయిన ఈ గుహలు 1819లో మళ్ళీ వెలుగులోకి వచ్చాయి. వేటకు వచ్చిన జాన్ స్మిత్ అనే ఆంగ్ల సైనికాధికారి ఎదుటి కొండ నుంచి ఒక గుహ ద్వారాన్ని చూసి, దిగి, 10వ గుహలో ప్రవేశించాడు. అక్కడ అతడు చేసిన పని ఏమిటి? ఒక స్తంభం మీది ప్రాచీన చిత్రంపై తన పేరూ తేదీ చెక్కాడు. అప్పుడు గుహలో మట్టీ రాళ్ళూ మనిషి ఎత్తున పేరుకొని ఉండటంవల్ల ఆ రాత ఇప్పుడు మన కంటికంటే చాలా ఎత్తున కనిపిస్తుంది. ఆధునిక కాలంలో అజంతాకు వచ్చిన తొలి సందర్శకుడే అజంతాను గాయపరచాడన్నమాట. చూడటానికి వచ్చినవాడే చెరపడం ఆనాడే మొదలైంది. నేడు మేకుతో పేర్లు చెక్కేవారిని కావలివారు అడ్డుకొంటున్నారు. అయితే ఏ కావలివాడూ ఆపలేని హాని మరొకటి ఉంది. అది మన ఊపిరి.

అజంతా చిత్రాలను తడి సున్నం మీద వేయలేదు. మొదట గరుకు రాతి మీద మట్టి, వరిపొట్టు, నారపీచు కలిపిన పూత పూశారు. దానిమీద పలుచని సున్నపు పూత వేసి, అది ఆరిన తరువాత జేగురు, పసుపు మట్టి, పచ్చరాయి, మసి మొదలైన రంగులను జిగురుతో కలిపి చిత్రించారు. దూరదేశం నుంచి వచ్చిన నీలపు రాతి పొడిని కూడా వాడారు. అంటే మనం చూసేది రాతి గోడను కాదు. రాతికి అంటుకొని ఉన్న మట్టి పొరను. తేమ పెరిగితే ఆ మట్టి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకొంటుంది. ఉబ్బుతూ ముడుచుకొంటూ క్రమంగా రాతి నుంచి విడివడుతుంది. గుహలో నిలబడిన ప్రతి మనిషీ తన ఊపిరితో, చెమటతో ఆ గాలిలోకి తేమను, వేడిని వదులుతాడు. పాదాల వెంట దుమ్మును తెస్తాడు. ఒక్కరివల్ల కలిగే హాని లెక్కలోనికి రానంత స్వల్పం. వేలమంది చేరితే మాత్రం ‘తిలాపాపం తలా పిడికెడు’ అన్న సామెత అక్షరాలా నిజమవుతుంది.

మంచి ఉద్దేశంతో చేసిన పనులు కూడా ఈ చిత్రాలకు ఎంత చేటు తేగలవో చరిత్ర చెబుతున్నది. 1920లో నిజాం ప్రభుత్వం చిత్రాల పరిరక్షణకు ఇటలీ నుంచి ఇద్దరు నిపుణులను రప్పించింది. ఊడిపోతున్న పొరలను వారు గోడకు అతికించి నిలబెట్టారు. ఆ మేలు కాదనలేనిది. కానీ రక్షణగా వారు పూసిన లక్క పూత కాలక్రమాన పసుపెక్కి, పగుళ్ళువారి, చిత్రాలను కప్పివేసింది. తరువాతి తరాల రసాయన నిపుణులు దానిని కొద్దికొద్దిగా తొలగించవలసి వచ్చింది. ఫ్రాన్సులోని లాస్కో గుహ గాథ ఇంకా విషాదకరం. ఆదిమానవుల చిత్రాలున్న ఆ గుహ 1940లో బయటపడింది. 1948లో ప్రజలకోసం తెరిచారు. సందర్శకుల ఊపిరివల్ల గోడలు పాడవుతున్నాయని తేలడంతో 1963లో మూసివేశారు. 1983 నుంచి అక్కడికి వెళ్ళేవారు పక్కనే నిర్మించిన నమూనా గుహను చూసి తిరిగి వస్తున్నారు. తలుపులు మూయక తప్పని ఆ స్థితి అజంతాకు రాకూడదంటే, ఎంతమంది వస్తున్నారు, ఎప్పుడు వస్తున్నారు, ఎలా వస్తున్నారు అన్న ప్రశ్నలను తేలికగా తీసుకోలేము.

అందువల్లనే చిత్రాలున్న ముఖ్య గుహల్లోకి ఒక్కసారి కొద్దిమందినే పంపుతారు. చెప్పులు బయట విడవాలి. మెరుపు దీపంతో ఛాయాచిత్రాలు తీయరాదు. ఈ నిబంధనలవల్లనే గుహల ముందు బారులు ఏర్పడతాయి. ఒక విడతకు 40 మంది, వారికి పావుగంట సమయం అనుకుందాం. మీకంటే ముందు 200 మంది ఉంటే అయిదు విడతలు గడవాలి. అంటే గంటంపావు నిరీక్షణ. ఇదే తీరు నాలుగు గుహల ముందు జరిగితే పగలంతా అక్కడే గడిచిపోతుంది. అలా నిలబడి నిలబడి విసిగినవాడు లోపలికి వెళ్ళాక ఏం చూస్తాడు? చీకటికి కళ్ళు అలవాటు పడకముందే బయటికి రావలసిన వేళ అవుతుంది.

ఈ బాధ నుంచి బయటపడటానికి మన సమాజంలో రెండు అడ్డదారులు బాగా వాడుకలో ఉన్నాయి. ఒకటి సిఫారసు, రెండవది రొక్కం. తెలిసిన అధికారితో ఒక మాట చెప్పించి పక్క ద్వారం గుండా వెళ్ళేవారిని, కావలివాని చేతిలో నోటు పెట్టి ముందుకు దూరేవారిని దర్శనీయ స్థలాలన్నింటా చూస్తున్నాం. దీనిని లౌక్యం అని మెచ్చుకొనేవారూ లేకపోలేదు. కానీ ఒకరు ముందుకు దూరినంత మాత్రాన నిరీక్షణ మాయం కాదు. అది వెనక నిలబడినవారి పద్దులో చేరుతుంది. పసిబిడ్డను ఎత్తుకొన్న తల్లి, కర్ర ఊతంతో నిలిచిన వృద్ధుడు ఆ బాకీ తీరుస్తారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లు, ఇతరుల కాలాన్ని మనం ఖర్చు చేయడమే ఇది. వరుస తప్పడం వేరు, వరుసను తప్పించుకోవడం వేరు. మొదటిది అన్యాయం. రెండవది వివేకం. రద్దీ లేని రోజును, వేళను, మార్గాన్ని ఎంచుకొన్నవాడు తాను నిలబడడు, మరొకరినీ నిలబెట్టడు. పైగా రద్దీ నుంచి ఒక మనిషిని తగ్గించి అందరికీ ఉపకారం చేస్తాడు.

ఆ వివేకం ఎలా ఉంటుందో అజంతా విషయంలోనే చూద్దాం. అజంతా గుహలకు సోమవారం సెలవు. ఎల్లోరా గుహలకు మంగళవారం సెలవు. రెండింటినీ చూడాలని వచ్చినవారు సోమవారం ఎల్లోరాకు, మంగళవారం అజంతాకు వెళ్ళడం సహజం. శని, ఆదివారాలు ఉద్యోగులవి. కావున బుధ, గురువారాలు అజంతాకు అనువైనవి. దీపావళి సెలవులు, డిసెంబరు చివరి వారం, వరుసగా వచ్చే పండుగ సెలవులు అన్నిటికంటే రద్దీగా ఉండే రోజులు. వానకాలంలో లోయ పచ్చబడుతుంది, కొండ మీది నుంచి జలపాతం దూకుతుంది. అప్పుడు కూడా వారం మధ్యలో వెళ్ళగలిగితే శోభా దక్కుతుంది, ప్రశాంతతా దక్కుతుంది.

రోజు తరువాత వేళను ఆలోచించాలి. గుహలకు సుమారు 4 కిలోమీటర్ల దూరంలో, ఫర్దాపూర్ సమీపంలో, సొంత వాహనాలను ఆపివేస్తారు. పొగ గుహలకు సోకకుండా అక్కడి నుంచి ప్రత్యేకమైన బస్సుల్లో తీసుకుపోతారు. అంటే మొదటి బారు గుహల ముందు కాదు, ఈ బస్సు దగ్గర మొదలవుతుంది. నగరంలో తీరికగా ఫలహారం ముగించుకొని బయలుదేరినవారందరూ ఇంచుమించు ఒకే సమయానికి ఇక్కడికి చేరతారు. ముందురోజు రాత్రి దగ్గరి ఊళ్ళో బస చేసి, ద్వారం తెరిచే వేళకు సిద్ధంగా ఉన్నవారికి ఈ బాధ ఉండదు. ప్రవేశ రుసుమును అంతర్జాలంలో ముందే చెల్లించే సౌకర్యం పురావస్తు శాఖ కల్పించింది గనుక టికెట్ల దగ్గర నిలబడే పని కూడా తప్పుతుంది.

ఇక గుహలను చూసే క్రమం. ద్వారానికి దగ్గరగా ఉన్నవి 1, 2 గుహలు. పద్మపాణి చిత్రం ఉన్నది 1వ గుహలోనే. వచ్చినవారందరూ అంకెల వరుసలో మొదటి నుంచి మొదలుపెడతారు. అందుచేత ఉదయం ఆలస్యంగా చేరినవారు 1వ గుహ ముందు నిలబడకుండా నేరుగా చివరి వైపు నడవడం మేలు. 26వ గుహలో శయనించిన బుద్ధుని మహాపరినిర్వాణ శిల్పాన్ని, 19వ గుహలోని చైత్యాన్ని ముందు చూడవచ్చు. అక్కడి నుంచి 17, 16 గుహలకు, ఆ తరువాత అన్నిటికంటే పురాతనమైన 10, 9 గుహలకు వెనుకకు నడిచి, మొదటి రెండు గుహలను చివర చూడవచ్చు. ఈ ఎనిమిదింటిని శ్రద్ధగా చూసినవాడు, ముప్పయింటిలోకి తొంగిచూసినవానికంటే ఎక్కువ సంపదతో తిరిగి వస్తాడు. పరుగులు తీసి లెక్క పూర్తి చేయడం దర్శనం అనిపించుకోదు.

రోజు, వేళ, క్రమం – ఈ మూడూ శరీరానికి సంబంధించిన సన్నాహాలు. మనస్సుకు కూడా సన్నాహం కావాలి. మహాభారతంలో పాండవులు తీర్థయాత్రలకు వెళ్ళినప్పుడు రోమశ మహర్షి వారి వెంట ఉంటాడు. ఒక్కొక్క తీర్థం వద్ద ఆ చోటి కథను వినిపిస్తాడు. కథ తెలియకపోతే తీర్థంలో కనిపించేది నీరు మాత్రమే. అజంతా చిత్రాలు కూడా అంతే. భారతం ద్వారా మనకు సుపరిచితుడైన శిబి చక్రవర్తి అక్కడ జాతక కథల్లోని బోధిసత్త్వునిగా దర్శనమిస్తాడు. సర్వస్వాన్నీ దానం చేసిన విశ్వంతరుడు, తనను చంపవచ్చిన వేటగానికి తన దంతాలను ఇచ్చిన షడ్దంత గజరాజు 17వ గుహలో ఉన్నారు. ఈ కథలను ఇంటివద్దనే చదువుకొని వెళ్ళినవానికి పావుగంట చాలు. గోడ మీద తనకు తెలిసినవారిని గుర్తుపట్టి పలకరించినట్లుగా చూస్తాడు. కథ తెలియనివాడు ఆ పావుగంటలో మార్గదర్శకుని మాటలు వినడంతోనే సరిపెట్టుకొంటాడు.

చిత్రాలను కూడా ముందే పరిచయం చేసుకోవచ్చు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు ప్రదర్శనశాలలో అజంతా చిత్రాల ప్రతులున్నాయి. ఈ ప్రతుల వెనుక పెద్ద కథే ఉంది. 1844 నుంచి రాబర్ట్ గిల్ ఏళ్ళ తరబడి శ్రమించి వేసిన ప్రతుల్లో అధికభాగం 1866లో లండను నగరంలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. తరువాత జాన్ గ్రిఫిత్స్ బొంబాయి విద్యార్థులతో వేయించిన ప్రతులు కూడా అనేకం 1885లో అక్కడే అగ్నికి ఆహుతయ్యాయి. 20వ శతాబ్దం తొలినాళ్ళలో లేడీ హెరింగ్‌హామ్ మళ్ళీ ప్రతులు వేయించినప్పుడు నందలాల్ బోస్ వంటివారితోపాటు హైదరాబాదు చిత్రకారులు కూడా పాల్గొన్నారు. ప్రదర్శనశాలలోని ప్రతుల ఎదుట ఎంతసేపు నిలబడినా వెనుక నుంచి తొందరపెట్టేవారు ఉండరు. మన ఊపిరి సోకి మూలం పాడవుతుందన్న భయమూ లేదు. అక్కడ తీరికగా చూసి, తరువాత మూలాన్ని దర్శించడం ఉత్తమమైన పద్ధతి.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. “బుధవారం వెళ్ళండి, ముందురోజు వెళ్ళి బస చేయండి అని చెప్పడం తేలిక. వారమంతా కూలి చేసుకొని ఆదివారం ఒక్కనాడు పిల్లలను తీసుకొని వచ్చేవాని మాటేమిటి? తీరిక ఉన్నవారికే ఈ సన్నాహం సాధ్యం కాదా?” అని ఎవరైనా అడగవచ్చు. ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. ప్రాచీన సంపద తీరిక ఉన్నవారి సొత్తు కాదు. నా అభిప్రాయంలో తీరిక ఉన్నవారి బాధ్యతను నిర్ణయించేది ఈ ప్రశ్నే. వారంలో ఏ రోజైనా వెళ్ళగలిగినవారు ఆదివారాన్ని ఆదివారం తప్ప గతిలేని వారికి వదలిపెట్టాలి. విద్యార్థులు, ఉపాధ్యాయులు, విశ్రాంత ఉద్యోగులు ఈ కోవకు చెందినవారే. మనం బుధవారం వెళ్ళడంవల్ల మన సౌఖ్యంతోపాటు, ఆదివారం వచ్చే ఆ శ్రామిక కుటుంబానికి కూడా గుహ ముందు కొంత నిరీక్షణ తగ్గుతుంది.

ఈ బాధ్యత కళాశాలల మీద మరింత ఎక్కువగా ఉంది. విజ్ఞాన యాత్ర అనగానే డిసెంబరు, జనవరి నెలల్లో బస్సులు కట్టించుకొని అందరూ ఒకే వారంలో బయలుదేరడం ఆనవాయితీ అయింది. రెండు బస్సుల విద్యార్థులు ఒక్కసారిగా ఒక గుహ ముందు దిగితే, తక్కినవారికి గంటసేపు దారి మూసుకుపోయినట్లే. మహాభారతంలో రోమశుడు ధర్మరాజుకు చేసిన మొదటి హితవు గమనింపదగినది. తీర్థాలకు తేలికగా, కొద్దిమందితో బయలుదేరమని ఆయన చెబుతాడు. ధర్మరాజు ఆ మాట మన్నించి తన వెంట ఉన్నవారిలో ఎక్కువమందిని వెనుకకు పంపుతాడు. మనమూ అదే పద్ధతి పాటించవచ్చు. ఇరవైమందికి ఒక జట్టు చొప్పున ఏర్పాటు చేసి, ఒక్కొక్క జట్టు వేరువేరు గుహల నుంచి మొదలుపెట్టేలా చూడాలి. జట్టు వెంట ఆ గుహలోని కథలు చదివిన విద్యార్థి ఒకరు ఉండాలి. ఎవరూ ఎక్కువసేపు నిలబడవలసిన పని లేదు. ఎవరూ అరవవలసిన పని అసలే లేదు.

ప్రభుత్వం చేయవలసిన పనులూ ఉన్నాయి. ముఖ్యమైన గుహలకు రోజుకు ఎంతమంది అన్న హద్దును శాస్త్రజ్ఞుల సలహాతో నిర్ణయించి, అది ప్రజలకు తెలిసేలా ప్రకటించాలి. వేళను బట్టి టికెట్లు ఇవ్వాలి. వాటిలో కొంత భాగాన్ని ద్వారం వద్దనే విక్రయించాలి. లేకుంటే అంతర్జాలం తెలియని పల్లెవాసికి తలుపు మూసినట్లవుతుంది. పక్క ద్వారం అంటూ ఉంటే అది వృద్ధులకు, వికలాంగులకు, పసిబిడ్డల తల్లులకు మాత్రమే తెరవాలి. పలుకుబడి ఉన్నవారికి తెరవరాదు. హద్దు పెట్టడం ప్రజల హక్కును హరించడమే అని కొందరు అనవచ్చు. కాని రేపు పుట్టబోయే ప్రజలకు కూడా ఆ హక్కు ఉంది. వారి తరఫున అడిగేవారు లేరు కాబట్టి మనమే ఆలోచించాలి.

చివరగా, ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అన్న పెద్దల మాటను కూడా స్మరించుకోవాలి. రాతిని తొలిచి చైత్యం నిర్మించిన బౌద్ధ శిల్పుల పనితనం చూడటానికి తెలుగువారు అజంతా వరకు పోనవసరం లేదు. ఏలూరు జిల్లా గుంటుపల్లిలో, అనకాపల్లి సమీపాన శంకరంలో ప్రాచీన గుహలున్నాయి. అజంతాకు ముందు వీటిని చూసినవానికి అక్కడి చైత్యాల నిర్మాణం తేలికగా అర్థమవుతుంది. అందరూ పేరున్న నాలుగు చోట్లకే పోటెత్తడంవల్ల ఒకచోట తొక్కిసలాట, మరొకచోట నిర్లక్ష్యం ఏర్పడుతున్నాయి. సందర్శకులు నలుదిక్కులకూ విస్తరిస్తే రెండు లోపాలూ కొంత తీరుతాయి.

విద్యార్థులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. అజంతా గోడల మీద పనిచేసిన చిత్రకారుల్లో తమ పేరు మనకు మిగిల్చిపోయినవారు దాదాపు లేరు. నూనె దీపాల వెలుతురులో, ఏళ్ళ తరబడి ఓపికతో వారు ఆ మట్టి పూతకు ప్రాణం పోశారు. పదిహేను వందల సంవత్సరాలు అది మనకోసం నిలిచింది. దానిని చూడబోయేముందు కొన్ని గంటలు చదువుకోవడం, ఒక మంచి రోజును వెతుక్కోవడం, తెల్లవారుజామున లేవడం, గుహలో మౌనంగా నిలబడి సమయం కాగానే వెనుకవారికి చోటివ్వడం – మనవల్ల కాగలిగిన ప్రత్యుపకారం ఇంతే. ఈ మాత్రం చేసినవాడు అక్కడ తన పేరు చెక్కవలసిన అవసరం లేకుండానే ఆ వారసత్వంలో భాగస్వామి అవుతాడు.